సభాకంపం ఊపిరిలో ఉంటుంది

వేదిక ఎక్కబోయే గాయకుడికి అందరూ ఇచ్చే సలహా ఒక్కటే: ధైర్యంగా ఉండు. దానివల్ల ఒరిగేది చాలా తక్కువని నా అభిప్రాయం. భయం పుట్టగానే అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె దడదడలాడుతుంది, నోరు ఎండిపోతుంది, ఊపిరి పొట్ట దాకా దిగకుండా ఛాతీలోనే ఆడుతుంది. వయొలిన్ విద్వాంసుడికి చెయ్యి వణికినా వాద్యం క్షేమంగానే ఉంటుంది. గాయకుడికి ఒళ్లే వాద్యం. ఊపిరి కురచబడితే మంద్రం నిలవదు, తారషడ్జం దగ్గర గొంతు బిగుస్తుంది. అందుకే ముందు దారికి తెచ్చుకోవలసింది ఊపిరిని.

సాధన చాలకనే భయమని పెద్దలంటారు. అదే పూర్తి నిజమైతే చెల్లో విద్వాంసుడు పాబ్లో కసాల్స్ జీవితమంతా కచేరీకి ముందు ఎందుకు బెదిరాడు? 1967లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో గాయని బార్బ్రా స్ట్రైసాండ్ తన పాటల్లోని మాటలే ఎందుకు మరిచిపోయింది? మన సాధన పాటకు జరుగుతోంది, భయంలో పాడటానికి జరగడం లేదు. ఇంట్లో ప్రశాంతంగా పాడుకున్న కీర్తనను మెట్లెక్కి వచ్చి, రొప్పుతూనే శ్రుతి అందుకుని పాడి చూడాలి. పల్లవి నుంచే కాదు, ఏ చరణం నుంచైనా ఎత్తుకోగలగాలి. పాటలో మాట మరిచిపోయినప్పుడు ఆదుకునేది అదే. ఇక మాత్రలు: ప్రొప్రనలాల్ లాంటివి గుండె దడనూ చేతి వణుకునూ తగ్గిస్తాయి, నిజమే. కానీ అవి ఊపిరి పట్టును నేర్పవు, పైగా ఉబ్బసం ఉన్నవారికి ప్రమాదం. దడను అణచాలనుకోవడం కూడా అవసరం లేదేమో. 2014లో హార్వర్డ్ పరిశోధకురాలు ఆలిసన్ వుడ్ బ్రూక్స్ ప్రచురించిన ప్రయోగాల్లో, పాడబోయే ముందు ‘ఉత్సాహంగా ఉన్నాను’ అనుకున్నవారు ‘ఆందోళనగా ఉన్నాను’ అనుకున్నవారికన్నా శ్రుతిలో, లయలో మెరుగ్గా పాడారు.

మన కచేరీ పద్ధతిలోనే ఈ భయానికి ఒక ఏర్పాటు ఉంది. కర్ణాటక సంగీత విద్వాంసుడు అరియక్కుడి రామానుజ అయ్యంగార్ స్థిరపరచిన క్రమంలో వర్ణం ముందు వస్తుంది. అది గొంతు విచ్చుకోవడానికే గానీ భయానికి మందు కాదని ఎవరైనా అనవచ్చు. గొంతు విచ్చుకోవడమంటే ఊపిరి కుదురుకోవడమే కదా! ఎన్నోసార్లు పాడి ఒంటికి పట్టిన వర్ణం నడుస్తుండగా ఆ కుదురు దానంతటదే వస్తుంది. పిల్లల పోటీల్లో మాత్రం అయిదు నిమిషాలిచ్చి, వచ్చీరాగానే బరువైన కీర్తన ఎత్తుకోమంటున్నాం. శ్రుతి చూసుకుని నాలుగు స్వరాలు పాడుకునే వ్యవధి వాళ్లకివ్వాలి, దానికి మార్కులు వేయకూడదు.