తోటకి వ్యాఖ్యానమా?

"చెట్లు చూడ్డానికి గైడెందుకే, డబ్బు దండగ!" అన్నారు మావారు. మంచిర్యాల నుంచి హైదరాబాదు వచ్చినప్పుడల్లా నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులో చాప పరిచి పులిహోర తిన్నవాళ్ళమే. ఈసారి మాత్రం వదినా నేనూ గైడు వెంట నడిచాం.

బాగానే చెప్పాడు సుమండీ! అసెంబ్లీ పాత భవనం 1913 నాటి టౌన్‌హాలేనట. ఏడో నిజాం రజతోత్సవం 1937లో జూబిలీ హాలులో జరిగిందట. మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ సంగతి సరేసరి. కథనంలో బిగువుంది. పాత్రలే తక్కువ, అందరూ నవాబులే!

"ఈ చెట్లకి నీళ్ళు పోసిందెవరు బాబూ?" అంది వదిన. మా అన్నయ్య బొగ్గుగనిలో దిగే మనిషి మరి. గైడు నవ్వేసి ముందుకు నడిచాడు.

అయినా మీరు వెళ్తే గైడుని పెట్టుకోండి. అతను అంత చెప్పబట్టే వదినకి ఆ ప్రశ్న తట్టింది. చాప మీద కూర్చున్నన్నాళ్ళూ తట్టలేదు.