కొటేషన్‌ను కింది వరుస నుంచి చదవాలి

కంప్యూటర్ దుకాణంలో రాసిచ్చే కొటేషన్ ఎక్కడైనా దాదాపు ఒకేలా ఉంటుంది. పైన ప్రాసెసర్, ఆ కింద మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు. అడుగున ‘క్యాబినెట్ విత్ ఎస్‌ఎంపీఎస్’ అని రెండిటికీ కలిపి ఒకే వరుస, ఒకే ధర. విశాఖ ద్వారకానగర్‌లో అడిగినా, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అడిగినా ఇదే వరస. తక్కువ డబ్బుతో గేమింగ్ కంప్యూటర్ అసెంబుల్ చేయించుకోవాలనుకునే ఆమదాలవలస కుర్రాడు ఈ కాగితాన్ని అడుగు నుంచి పైకి చదవాలి. అమ్మేవాడికి పై వరుస ముఖ్యం. మన ఊళ్లో మిషన్‌ను బతికించేదీ చంపేదీ అడుగు వరుసే.

విడిభాగాలు కొని బిగించుకునే అలవాటుకు మన దేశంలో పాత కారణాలే ఉన్నాయి. 1981లో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను అందరికీ దొరికే భాగాలతో తయారు చేయడంతో, ఇతర కంపెనీలు అలాంటివే చేయడం మొదలుపెట్టాయి. 1984 కంప్యూటర్ విధానంతో మన దిగుమతి నిబంధనలు సడలాయి. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ కొలతలు ఖరారు చేశాక ఏ కంపెనీ బోర్డైనా ఏ కంపెనీ క్యాబినెట్‌లోనైనా మరలకు సరిపోవడం మామూలైంది. 1997లో భారత్ ప్రపంచ వాణిజ్య సంస్థ ఐటీ ఒప్పందంలో చేరి, 2005 నాటికల్లా అందులోని సరుకుపై కస్టమ్స్ సుంకం ఎత్తేసింది. బ్రాండెడ్ కంప్యూటర్ ధర అందని ఇళ్లలోకి ‘అసెంబుల్డ్’ వచ్చింది. కౌంటర్ స్ట్రైక్, వైస్ సిటీ ఆడించిన నెట్ సెంటర్లలోనూ అవే ఉండేవి.

ఎంపిక మొదలు కావలసింది ఏ భాగంతోనూ కాదు, ఆటతో. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి పోటీ ఆటలు ప్రాసెసర్ మీద ఎక్కువ ఆధారపడతాయి. పెద్ద కథా లోకాలున్న ఆటలు గ్రాఫిక్స్ కార్డును పిండేస్తాయి. తర్వాత మానిటర్. 1080పీ తెర చాలు. స్టీమ్ వేదిక మీద ఆడేవాళ్లలో సగానికి పైగా ఇప్పటికీ ఈ రిజల్యూషన్‌లోనే ఆడుతున్నారని దాని సర్వే నెలనెలా చూపిస్తూనే ఉంది. తక్కువ బడ్జెట్‌లో 4కే మానిటర్ కొంటే, దాన్ని నడపలేక కార్డు చతికిలబడుతుంది.

ఇప్పుడు అడుగు వరుస సంగతి. భాగాలన్నిటికీ కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ డబ్బా మీద పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని ఉంటుంది. దాన్ని నమ్మకండి. పక్కన అంటించిన చిన్న పట్టికలో 12 వోల్టుల లైన్ కింద ఎన్ని ఆంపియర్లు రాశారో చూడండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ప్రధానంగా ఆ లైన్ మీదే బతుకుతాయి. అక్కడ 36 ఉంటే, 12తో హెచ్చవేస్తే 432 వాట్లు. అది నిజంగా 450 వాట్ల సరుకే. అక్కడ 16 మాత్రమే ఉంటే 192 వాట్లు. మిగతాది స్టిక్కర్ మీది గొప్పే. క్యాబినెట్‌తో ‘ఫ్రీ’గా వచ్చేవాటిలో ఇలాంటివి చాలా ఉంటాయి.

మరి మనకు ఎంత కావాలి? ఉదాహరణకు ఏఎండీ ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు 132 వాట్లు తీసుకుంటుంది. రైజన్ 5 5600 ప్రాసెసర్ గట్టిగా పనిచేసినప్పుడు 76 వాట్ల దాకా పోతుంది. బోర్డు, ర్యామ్, ఫ్యాన్లు, డిస్కు కలిపి ఇంకో యాభై వేసుకున్నా 260 దాటదు. మంచి కంపెనీ 450 వాట్లు సరిపోతుంది, 550 అయితే రేపు పెద్ద కార్డు వేసుకోవచ్చు. 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర కూడా చూడండి. ఆ ముద్ర చెప్పేది కరెంటు ఎంత వృథా కాకుండా వాడుకుంటుందన్నదే. వోల్టేజి పోటు తట్టుకునే రక్షణలు ఉన్నాయో లేదో విడిగా చదువుకోవాలి.

ఈ ఒక్క భాగం మీద ఇంతసేపు ఆగడానికి కారణం మన కరెంటే. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఈ తీరంలో స్తంభాలు ఎలా ఒరిగాయో అందరం చూశాం. తుపాను లేని రోజుల్లోనూ కరెంటు పోవడం కంటే, పోయి ఒక్కసారిగా తిరిగి వచ్చేటప్పుడే ప్రమాదం. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్ల దాకా మోస్తుంది. అది ఆట సాగించడానికి కాదు, సేవ్ చేసుకుని ఆపుకోవడానికి. ఇంట్లో పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఉంటే దానికి తగిలించవద్దు. ఇప్పటి ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని దాంతో పొసగక ఆగిపోతాయి.

ఇంకోటి. క్యాబినెట్ ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటాయని చాలా ఇళ్లలో అంటుంటారు. అది చాలావరకు కంప్యూటర్ చెడిపోయిందని కాదు, ఇంటికి ఎర్తింగ్ లేదని. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు కొద్దిపాటి కరెంటును ఎర్తు తీగలోకి పంపుతాయి. ఎర్తు లేకపోతే సుమారు 115 వోల్టులు డబ్బా మీదే నిలుస్తాయి, కరెంటు మాత్రం స్వల్పం. లైట్ల కీబోర్డు కొనే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. గేమింగ్ బడ్జెట్‌లో ఈ ఖర్చు ఎవరూ రాయరు, నేను మాత్రం మొదటి వరుసలోనే రాస్తాను.

మిగిలిన డబ్బులో పెద్ద వాటా, మానిటర్ కాకుండా చూస్తే మూడో వంతు పైనే, గ్రాఫిక్స్ కార్డుకు పోవాలి. ఇక్కడ అందరూ పడే గొయ్యి ‘జీబీ’. ‘ఫోర్ జీబీ గ్రాఫిక్ కార్డు బావూ’ అని నాన్నకు చెప్పి అంటగట్టే జీటీ 730, 2014 నాటిది. అందులో నిదానంగా నడిచే డీడీఆర్3 మెమరీ ఉన్న రకాలు ఎక్కువ. జీబీ ఎంత ఉన్నా కొత్త ఆటను అది లాగలేదు. 2021లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6600లో 8 జీబీ జీడీడీఆర్6 ఉంది, 1080పీకి ఇప్పటికీ నిలబడుతుంది. అదే కంపెనీ ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ చవకే కానీ బోర్డుతో నాలుగు లేన్ల మీదే మాట్లాడుతుంది, పీసీఐఈ 3.0 బోర్డులో పెడితే వేగం ఇంకా పడిపోతుంది. ఆ చవక నాకు నచ్చదు.

ప్రాసెసర్ దగ్గర కుర్రాళ్లకు మోజెక్కువ. ఆరు కోర్ల రైజన్ 5 5600, లేదా నాలుగు కోర్ల ఐ3-12100ఎఫ్, ఆర్‌ఎక్స్ 6600కు సరిజోడు. చివరన ‘ఎఫ్’ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టు. కార్డు తర్వాత కొందామని ఇది తెచ్చుకుంటే తెర నల్లగానే ఉంటుంది. రైజన్ 5 5600కీ లోపల గ్రాఫిక్స్ లేదు. ముందు కార్డు లేకుండా నడిపించి, డబ్బు కూడాక వేసుకుందామనుకునేవారికి 5600జీ ఉంది. కానీ దాని ఎల్3 క్యాష్ 16 ఎంబీ, 5600లో సగం. తర్వాత కార్డు పెట్టినా ఆ తేడా ఆటలో కనిపిస్తుంది.

ర్యామ్ 16 జీబీ కావాలి, అదీ ఎనిమిదేసి రెండు కర్రలుగా. ఒక్క కర్ర పెడితే రెండెద్దుల బండిని ఒక ఎద్దు చేత లాగించినట్టే. లోపలి గ్రాఫిక్స్ మీద ఆధారపడే 5600జీకైతే ఇది మరీ ముఖ్యం. బిగించాక బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ ఆన్ చేయమనండి. లేకపోతే 3200 వేగానికి డబ్బిచ్చి తక్కువ వేగంతో నడుపుకుంటారు. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. కాబట్టి పాత మిషన్‌లో డీడీఆర్4 కర్రలుంటే అమ్మేయకండి, కొత్త బోర్డును వాటికి తగ్గట్టు ఎంచుకోండి.

ఆఫీసులు వదిలించుకున్న పాత ఐ5 డబ్బాలు కూడా బజారులో చవకగా దొరుకుతాయి. చాలావాటిలో ఎస్‌ఎంపీఎస్ ప్లగ్గులు ఆ కంపెనీ సొంతవి, మార్చలేం. కాబట్టి విడిగా కరెంటు తీగ అక్కర్లేకుండా 75 వాట్లతో నడిచే జీటీఎక్స్ 1050 టీఐ లాంటి పాత కార్డే గతి. పైగా ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందువాటికి విండోస్ 11 మద్దతు లేదు, విండోస్ 10కేమో 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11లో వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం ఉండాలి. చదువుకు సరే, ఆటకు వద్దు.

ఇంత శ్రమ ఎందుకు, గేమింగ్ ల్యాప్‌టాప్ కొంటే పోదా అంటారు. ఏఎండీ 2017లో తొలి రైజన్‌లకు వాడిన ఏఎం4 సాకెట్‌కు 2024లో కూడా కొత్త ప్రాసెసర్లు వచ్చాయి. 2018లో బీ450 బోర్డు కొన్నవాళ్లు బయోస్ అప్‌డేట్ చేసి, బోర్డు, ర్యామ్, క్యాబినెట్ అలాగే ఉంచి, ఆరేళ్ల తర్వాత 5700ఎక్స్3డీ బిగించుకున్నారు. ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ బోర్డుకే అతికి ఉంటాయి. ఒకటి పోతే మొత్తం బోర్డు మార్చాలి.

ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్ నుంచి విశాఖ సుమారు 130 కిలోమీటర్లు. విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు పొద్దునకు సికింద్రాబాద్. సరుకు తెచ్చుకోవడం కష్టం కాదు, పాడైనదాన్ని తిరిగి పంపడమే కష్టం. అందుకే సర్వీస్ సెంటర్ ఎక్కడుందో కొనకముందే అడగండి. 18 శాతం జీఎస్‌టీ మిగులుతుందని బిల్లు లేకుండా ఇస్తామంటే ఒప్పుకోకండి. గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎంపీఎస్, బోర్డు సీరియల్ నంబర్లు బిల్లు మీదే రాయించుకుని, వారంటీ తీరేదాకా డబ్బాలతో సహా దాచుకోండి.