గోరుచుట్టు లేచిన వేలికి వేడి

హనుమంతునిపాడులో ఏ ఇంటనైనా గోరుచుట్టు లేచిన మనిషి టీ గ్లాసు పట్టుకొనే తీరు గమనింపదగినది. తక్కిన వేళ్లకు హాయిగా తోచే వెచ్చదనమే ఆ ఒక్క వేలికి నిప్పు అవుతుంది. గ్లాసు ఒకటే, మారినది వేలు.

కాలిఫోర్నియాలో డేవిడ్ జూలియస్ బృందం 1997లో జ్ఞాననాడుల చివర్లలో మిరపకారానికి స్పందించే ఒక ప్రోటీనును గుర్తించింది. అది పొరలోని ఒక ద్వారం వంటిది; సుమారు 43 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి కూడా తెరచుకొంటుంది. 2021లో నోబెల్ బహుమానం తెచ్చిన కృషిలో ఇది ముఖ్యభాగం. అప్పటినుండి దానిని ‘కాలే వేడిని కనిపెట్టే ద్వారం’ అనడం పరిపాటి అయింది. ఈ మాట సగమే నిజం.

2000లో రెండు బృందాలు ఆ ప్రోటీను లేని చిట్టెలుకలను పుట్టించి పరీక్షించాయి. అవి తీవ్రమైన వేడికి కొంత ఆలస్యంగా స్పందించాయని జూలియస్ బృందం వ్రాసింది. బ్రిటనులోని రెండవ బృందానికి ఆ తేడా సయితం కనబడలేదు. కాని పాదం వాచినప్పుడు మామూలు చిట్టెలుక మునుపటికన్న ముందుగానే కాలు వెనుకకు లాగుకొంటుంది; ప్రోటీను లేనిదానిలో ఆ తొందర దాదాపు లేదు. ఇక్కడ మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. అసలైన ఫలితం ఇదే. పేరు మాత్రం వేరొకదానికి దక్కింది.

43 అన్నది రాతిపై గీసిన గీత కాదు. వాచిన చోట చేరే ఆమ్లం, బ్రాడికైనిన్, ప్రోస్టాగ్లాండిన్లు ఆ గీతను క్రిందికి దించుతాయి. అప్పుడు ఒంటి వేడికి దగ్గరగా ఉన్న వెచ్చదనం కూడా మంటగా తోస్తుంది. ఇక కాలే వేడి సంగతి: దీనితోబాటు మరి రెండు ద్వారాలను తొలగిస్తేగాని చిట్టెలుక వెనుదీయడం మానలేదని బెల్జియం శాస్త్రజ్ఞులు 2018లో చూపారు.

పేరుతో ఏమి పని అనవచ్చు. ఆ ద్వారాన్నే మూసివేసే మందును పన్ను తీయించుకొన్నవారికి ఇచ్చి చూడగా కొందరికి ఒళ్లు 40 డిగ్రీలవరకు కాగినదని 2008లో ప్రకటితమైంది. ఆ కోవకు చెందిన మరికొన్ని మందులతో వేడి సరిగా తెలియక చేయి కాల్చుకొనే ప్రమాదం ఏర్పడింది. పాత ఆస్పిరిను ద్వారం జోలికి పోదు. దానిని రెచ్చగొట్టే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని తగ్గిస్తుంది. అది వేసుకొన్నవానికి మంట తగ్గినా, గ్లాసు వేడి తెలుస్తూనే ఉంటుంది.