పచ్చబొట్టు - దాని ప్రతిబింబము

హిందీలో పచ్చబొట్టును ‘గోదనా’ అందురు. గోదనా అనగా పొడుచుట. తెలుగుమాట రంగును చూచినది. హిందీమాట సూదిని చూచినది. పచ్చబొట్లతో నిండిన మానవదేహములను కంప్యూటరుపై చిత్రించు నేటి డిజిటల్ కళను పరీక్షించుటకు ఈ రెండు మాటలే మనకు గీటురాళ్లు కాగలవు.

ఈ చిత్రములలో సాధారణముగా దేహమొక పొర, పచ్చబొట్టు వేరొక పొర. 1990లో వెలువడిన ఫోటోషాప్‌నకు 1994లో ఈ పొరల పద్ధతి సమకూడినది. చిత్రకారుడు నమూనాను భుజపు వంపునకు తగినట్లు వంచి, చర్మపు నీడలు పైకి కనబడునట్లు కలుపును. నచ్చనిచో తొలగించును, చర్మము మరల నిర్మలమగును. ఇందు నేర్పు లేదనుట అన్యాయము. కండరముపై వెలుగు జారు తీరు ఎరిగిన చేయి గాని ఇట్టి పని చేయజాలదు. అయినను పెక్కు చిత్రములలో ఏదో వెలితి తోచును. అది ఎక్కడిదో తెలియుటకు ఛత్తీస్‌గఢ్ రామనామీల వైపు చూడవలెను.

19వ శతాబ్దపు చివరి దశకములో చార్‌పారా గ్రామవాసి పరశురాముడు ఈ సంప్రదాయమును నెలకొల్పెను. అస్పృశ్యులన్న పేరిట ఆలయప్రవేశమునకు నోచుకొనని జనులు రామనామమును తమ దేహములపైననే పొడిపించుకొనిరి. దీపపు మసియే వారికి సిరా. ఒడలంతయు పొడిపించుకొన్నవానిని ‘నఖశిఖ’ రామనామి యందురు. హిందీ రీతికవులకు నఖశిఖమనగా నాయిక సౌందర్యమును కాలిగోటి నుండి సిగ వరకు వర్ణించు కావ్యసంప్రదాయము. ఆస్థానములలో అలంకారమై వెలసిన మాటను గుడి వెలుపల నిలిచినవారు సాక్ష్యముగా మార్చిరి. ఇంతకంటె గొప్ప అనువాదమును నేనెరుగను.

ఇక్కడ అక్షరము పొర కాదు. అది చర్మముతో పాటు ముడుతలు పడును, మసకబారును, తుదకు దేహముతోనే పోవును. తుడిచివేయుటకు వీలు లేకుండుటయే దాని బలము. తన కులమును దాచుకొనవలసిన లోకములో తన్ను తాను బహిరంగముగా ప్రకటించుకొన్న మనుష్యుని ధైర్యమది. అదే దేవనాగరిలిపిని అందమైన అల్లికగా మాత్రమే ఒక యువదేహముపై పరచిన డిజిటల్ చిత్రమున పచ్చబొట్టు మిగులును, గోదనా మిగులదు.

అయినంతమాత్రమున ఈ కళను త్రోసిపుచ్చరాదు. చదువులకు, ఉద్యోగములకు వెలుపలికి పోవలసిన రామనామి యువకులలో ఒడలంతయు పొడిపించుకొనువారు అరుదైరి. వృద్ధులు గతించిన పిమ్మట ఆ దేహములను చూడదలచినవారికి చిత్రములే శరణ్యము. కావున చిత్రకారుని బాధ్యత పెరిగినదే గాని తగ్గలేదు. సూదిపోటును అతడు అనుభవింపనక్కరలేదు. ఎవరు, ఎందులకు ఆ పోటునకు ఒడలొగ్గిరో ఎరిగి గీయవలెను. ముడుతను చదును చేయక, మసకబారిన అక్షరమునకు మెరుగు పెట్టక, ముఖమును నమూనా చాటున దాచక గీచిన చిత్రము ఆ మనుష్యుని మనకు చూపును. తక్కినది వస్త్రముపై అద్దకము వంటిదే.