54 అంటే ఎవరి కొలత?

"మీ హైటెంత సార్?" రోడ్ బైక్ కొనడానికి వెళ్లినవాడికి షాపులో ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇది. చాలాసార్లు ఆఖరి ప్రశ్న కూడా ఇదే. 172 సెంటీమీటర్లని చెప్పగానే అవతలి మనిషి గోడ మీది చార్టు వైపు ఓ చూపు చూసి, "మీకు 54 కరెక్ట్ సార్" అనేస్తాడు. ఆపైన ఎర్రదా నల్లదా, ఏ కంపెనీ గేర్లు, ఏ చక్రాలు అంటూ పూటంతా చర్చ నడుస్తుంది. నాకు ఈ వరస ఎప్పుడూ తలకిందులుగా కనిపిస్తుంది. గేర్లు మార్చుకోవచ్చు, చక్రాలు మార్చుకోవచ్చు, సీటు మార్చుకోవచ్చు. ఫ్రేము మార్చడమంటే మాత్రం బండినే మార్చడం. అందుకే సైజు చూసుకోవడమంటే నా దృష్టిలో ఒకటే పని: తర్వాత మార్చుకోగలిగేవి ఏవో, మార్చుకోలేనివి ఏవో ముందే విడదీసుకోవడం.

ఇంతకీ ఆ 54 దేనికి కొలత? పాత లెక్కలో అది సీటు గొట్టం పొడవు, సెంటీమీటర్లలో. కొందరు పెడళ్ల ఇరుసు మధ్య నుంచి ఆ గొట్టం పైకొస దాకా కొలిచేవారు. ఇటలీలో చాలామంది పై రాడ్డు మధ్య వరకే కొలిచేవారు. అంటే ఆ రోజుల్లోనూ 54 అందరికీ ఒకటి కాదు. అయినా పై రాడ్డు నేలకు సమాంతరంగా ఉండేది కాబట్టి, ఒక్క అంకె తెలిస్తే మిగతా బండి ఎంతుంటుందో ఇంచుమించు ఊహించగలిగేవారు. 1990ల చివర్లో తైవాన్ కంపెనీ జెయింట్ కోసం మైక్ బరోస్ అనే బ్రిటిష్ డిజైనర్ టీసీఆర్ అనే బండి గీశాడు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో క్రిస్ బోర్డ్‌మన్ స్వర్ణం గెలిచిన లోటస్ బండి వెనకున్నదీ ఇతనే. టీసీఆర్‌లో పై రాడ్డు వెనక్కి వాలింది. సీటు గొట్టం పొట్టిదైంది, సీటు పోస్టు పొడుగు చేసుకుని తొక్కాలి. సెంటీమీటరుకో సైజు పోయి చొక్కాలకున్నట్టు ఎస్, ఎం, ఎల్ వచ్చాయి. కంపెనీ తయారు చేయాల్సిన సైజులు తగ్గాయి, ఖర్చు తగ్గింది. స్పెయిన్ జట్టు ఒన్సే ఆ బండ్ల మీద రేసులకు దిగాక మిగతావాళ్లూ అదే దారి పట్టారు. రాడ్డు వాలడంతో సీటు గొట్టం పొడవుకు అర్థం పోయింది. పేరుగా అంకె మాత్రం మిగిలింది. ఒక కంపెనీ 54, ఇంకో కంపెనీ 54 ఇవాళ ఒకే బండి కాదు. ఒకే కంపెనీ రేసు బండి 54, దూర ప్రయాణాల బండి 54 కూడా ఒకటి కాదు.

మన ఊళ్లలో ఈ బాధ ఎవరికీ తెలియకపోవడానికి కారణం ఉంది. 22 అంగుళాలదా, 24దా అని అడిగితే అడిగేవారు, అంతే. ఇంటికొక సైకిల్. నాన్న పొలానికి వెళ్లిందీ అదే, కొడుకు హైస్కూలుకు వెళ్లిందీ అదే. కాలు అందని పిల్లాడు రాడ్డు కిందినుంచి కాలు దూర్చి వంకరగా తొక్కేవాడు. ఆ బండి మీద మనిషి నిటారుగా కూర్చుంటాడు, హ్యాండిల్ తనే దగ్గరికొస్తుంది, బరువంతా సీటు మీదే. సీటు ఎత్తు సరిపోతే మిగతా తేడాలు ఒంటికి పెద్దగా తెలియవు. రోడ్ బైక్ అలా కాదు. నడుము వంగుతుంది, బరువులో కొంత అరచేతుల మీదికి వస్తుంది. హ్యాండిల్ రెండు సెంటీమీటర్లు దూరమైనా మెడకు తెలుస్తుంది, మూడో గంటలో మరీ తెలుస్తుంది. సీటు ఎత్తుతో తీరిపోయే బండి నుంచి హ్యాండిల్ దూరంతో తేలే బండికి వచ్చాం. మన అలవాటు మాత్రం ఇంకా సీటు దగ్గరే ఆగింది.

కొలతల్లో మొదటిది ఇన్‌సీమ్, అంటే కాలు లోపలి పొడవు. చెప్పుల్లేకుండా గోడకు వీపు ఆనించి నిలబడాలి. గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని కాళ్ల మధ్య పెట్టి, సీటు మీద కూర్చుంటే ఎంత ఒత్తుకుంటుందో అంత గట్టిగా పైకి నొక్కాలి. దాని పైఅంచు దగ్గర గోడ మీద గీత గీసి, నేల నుంచి టేపు పెట్టాలి. ప్యాంటు కొలత దీనికి పనికిరాదు, టైలర్ కొలిచేది బట్టను. ఫ్రాన్స్‌లో రెనో జట్టును నడిపిన సిరిల్ గిమార్ పద్ధతిని అతని శిష్యుడు గ్రెగ్ లెమాండ్ 1980లలో తన పుస్తకంతో లోకానికి పరిచయం చేశాడు. ఇన్‌సీమ్‌ను 0.883తో గుణిస్తే పెడళ్ల ఇరుసు నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు. 0.67తో గుణిస్తే ఫ్రేము సైజు.

మొదటి లెక్క ఇప్పటికీ మంచి మొదలు. అక్కడినుంచి మిల్లీమీటర్లలో సర్దుకోవచ్చు. పెడల్ అడుగుకు వెళ్లినప్పుడు మోకాలిలో 25 నుంచి 35 డిగ్రీల వంపు మిగలాలన్నది ఫిట్టింగ్ చేసేవాళ్ల మాట. సీటు మరీ ఎత్తయితే తుంటి అటూ ఇటూ ఊగుతుంది, మరీ కిందికుంటే మోకాలి ముందు భాగం నొప్పి పెడుతుంది.

చిక్కంతా రెండో లెక్కతోనే. 172 సెంటీమీటర్లున్న ఇద్దరిని తీసుకుందాం. ఒకరి ఇన్‌సీమ్ 78, మరొకరిది 83. సూత్రం ప్రకారం మొదటివారికి 52 ఫ్రేము, రెండోవారికి దాదాపు 56. కానీ ఎత్తు ఒకటే అయినప్పుడు కాలు పొట్టిగా ఉన్నవారికి ఆ ఐదు సెంటీమీటర్లూ పైనుంటాయి, మొండెంలో. ఫ్రేము పెద్దదయ్యేకొద్దీ ఎత్తుతో పాటు పొడవూ పెరుగుతుంది. అంటే పొడుగు మొండెం వారికి పొట్టి బండి, పొట్టి మొండెం వారికి పొడుగు బండి దక్కుతాయి. ఒకరు ముడుచుకుపోతారు, మరొకరు సాగిపోతారు. షాపు చార్టు ఈ ఇద్దరినీ కలిపి 54 అంటుంది. సూత్రం కాళ్లను చూసి మొండేన్ని మరిచిపోయింది, చార్టు రెండింటినీ మరిచిపోయింది.

దీనికి విరుగుడు రెండు కొలతలు. క్వింటానా రూ అనే ట్రయథ్లాన్ బైకుల కంపెనీ పెట్టిన డాన్ ఎంప్‌ఫీల్డ్ వీటిని బాగా ప్రచారంలోకి తెచ్చాడు. పెడళ్ల ఇరుసు మధ్య నుంచి హ్యాండిల్ గొట్టం పైకొస నిలువుగా ఎంత ఎత్తులో ఉందో అది స్టాక్. అడ్డంగా ఎంత ముందుకు ఉందో అది రీచ్. రాడ్డు వాలినా వాలకపోయినా, పేరు 54 అయినా ఎం అయినా, ఈ రెండూ అబద్ధం చెప్పవు. దాదాపు ప్రతి కంపెనీ వీటిని అచ్చు వేస్తోంది. అయినా చాలామంది రీచ్ ఒక్కటే చూసి పోలుస్తారు, అక్కడ ఇంకో మడత ఉంది. ఒక 54లో స్టాక్ 545, రీచ్ 385 మిల్లీమీటర్లు, మరో 54లో 570, 375 అనుకుందాం. మొదటిది సెంటీమీటరు పొడుగని తేల్చేస్తాం. కానీ హ్యాండిల్ గొట్టం నిటారుగా ఉండదు, సుమారు 73 డిగ్రీల్లో వెనక్కి వాలి ఉంటుంది. అందుకని పది మిల్లీమీటర్లు పైకెత్తిన ప్రతిసారీ హ్యాండిల్ మూడు మిల్లీమీటర్లు మన వైపు జరుగుతుంది. మొదటి బండికి 25 మిల్లీమీటర్ల స్పేసర్లు (హ్యాండిల్‌ను ఎత్తే రింగులు) వేసి రెండోదాని ఎత్తుకు తెస్తే, దాని రీచ్ 377 దగ్గరికి వచ్చేస్తుంది. పొడవులో పెద్ద తేడానే లేదు. తేడా అంతా ఎత్తులో ఉంది, ఆ ఎత్తు మీకు స్పేసర్లతో కావాలా, ఫ్రేములోనే కావాలా అన్నదే ప్రశ్న. స్టీరర్ (ఫోర్కు నుంచి పైకొచ్చే గొట్టం) కార్బన్‌ది అయితే స్పేసర్లకు కంపెనీ హద్దు పెట్టి ఉంటుంది, అదీ చూసుకోవాలి.

ఇప్పుడు సర్దుబాట్ల సంగతి. సీటు ఎత్తు చేతిలో పని. హ్యాండిల్‌ను ఫోర్కుకు కలిపే స్టెమ్‌ను సెంటీమీటరు అటూ ఇటూ మార్చడం మామూలే. 90 నుంచి 120 మిల్లీమీటర్ల లోపు స్టెమ్‌తో చేతులు హాయిగా అందాయంటే ఫ్రేము దారిలో ఉన్నట్టే. 70 కావాలన్నా 140 కావాలన్నా ఫ్రేమునే అనుమానించాలి. హ్యాండిల్ అందలేదని సీటును ముందుకు తోసుకునే అలవాటు మన గ్రూపుల్లో బాగా ఉంది. నన్నడిగితే అది వద్దే వద్దు. సీటు ముందు వెనకలు తుంటికీ పెడళ్లకూ సంబంధించిన బేరం, చేతులకు సంబంధించింది కాదు. మోకాలి నుంచి గుండు దారం వేలాడదీసి పెడల్ ఇరుసు మీదికి రావాలనే పాత పద్ధతికి శరీరశాస్త్రంలో ఆధారం లేదని కీత్ బాంట్రేగర్ ఎప్పుడో రాశాడు. చూడాల్సింది బరువు ఎలా నిలుస్తోందనేది. చేతులు కాస్త లేపినా ముందుకు తూలిపోకుండా తొక్కగలుగుతున్నారా? అయితే సీటు దాని చోట ఉంది, దాన్నక్కడే వదిలేయండి. ఇంకో సంగతి, కొత్త బండ్లలో బ్రేకు గొట్టాలు హ్యాండిల్, స్టెమ్ లోపలినుంచి వెళ్తున్నాయి. వాటిలో స్టెమ్ మార్చాలంటే చాలాసార్లు గొట్టాలు విప్పాలి, ఆయిల్ మళ్లీ ఎక్కించాలి. ఒకప్పుడు చిల్లర పని, ఇప్పుడు వేలల్లో బిల్లు. మార్చుకోగలిగేవాటి జాబితా తగ్గుతున్నకొద్దీ సైజు దగ్గర జాగ్రత్త పెరగాలి.

చార్టు అంచున ఉన్నవాళ్లకు ఇది ఇంకా కష్టం. విశాఖలో ఉండే మా పిన్ని కూతురు 155 సెంటీమీటర్లుంటుంది. తెల్లవారుజామున భీమిలి రోడ్డు మీద హైబ్రిడ్ సైకిల్ తొక్కుతూ రోడ్ బైక్ మీద మనసు పడింది. "అన్నయ్యా, నా సైజు రాదంట. పెద్దదే తీసుకుని సీటు దించుకోమంటున్నారు" అని ఫోను చేసింది. సీటు దించితే కాలు అందుతుంది, హ్యాండిల్ దగ్గరికి రాదు కదమ్మా అన్నాను. అసలు చిన్న సైజులతో మరో తిరకాసు ఉంది. ఫ్రేము చిన్నదైనా చక్రం అదే 700సి. ముందు చక్రం కాలి బొటనవేలికి తగలకుండా ఉండాలని డిజైనర్లు ముందు ఫోర్కును ఇంకాస్త వాలుస్తారు, సీటు గొట్టాన్ని ఇంకాస్త నిటారు చేస్తారు. దాంతో కాగితం మీద సైజు తగ్గినంతగా చేతికి దూరం తగ్గదు. 1985లో అమెరికాలో సొంత కంపెనీ పెట్టిన జార్జీనా టెర్రీ దీన్ని సూటిగా పరిష్కరించింది. ముందు చక్రాన్నే చిన్నది చేసింది. ఇప్పుడు కొన్ని కంపెనీలు అతి చిన్న సైజులకు కాస్త చిన్నవైన 650బి చక్రాలు వేస్తున్నాయి. క్రాంకు (పెడల్‌ను ఇరుసుకు కలిపే కమ్మీ) పొడవు 170 మిల్లీమీటర్ల బదులు 165 ఉంటే మోకాలికీ సుఖం, బొటనవేలికీ చోటు. పొట్టి క్రాంకులు పిల్లలకేనని తీసిపారేసేవారు ఒకప్పుడు. 176 సెంటీమీటర్ల రైడర్ తదేయ్ పొగాచర్ 2024లో 165తోనే జిరో, టూర్ రేసులు రెండూ గెలిచాక ఆ నోళ్లు మూతపడ్డాయి. బ్రేకు లివర్లను స్క్రూతో దగ్గరికి తెచ్చుకోవచ్చని చెప్పి, బండి మీద కూర్చుని నెమ్మదిగా యూటర్న్ తిప్పి, పాదం చక్రానికి తగులుతోందా చూడమన్నాను. ఆ పిల్ల తొందరపడలేదు, తన సైజు దొరికేదాకా హైబ్రిడ్ మీదే తిరిగింది.

రేసు రైడర్ల ఫోటోలు చూసి సైజు నిర్ణయించుకునేవాళ్లున్నారు. చిన్న ఫ్రేము, పొడుగు స్టెమ్, పాతాళంలో హ్యాండిల్, ఆకాశంలో సీటు. చూడ్డానికి అందంగానే ఉంటుంది. కానీ వాళ్ల వెన్ను వేరు, వాళ్ల ఉద్యోగం తొక్కడమే. మనం రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని తొడ వెనక కండరాలు బిగుసుకుపోయినవాళ్లం. మోకాళ్లు వంచకుండా నిలబడి వంగితే వేళ్లు ఎక్కడిదాకా వెళ్తాయో చూసుకుంటే హ్యాండిల్ ఎంత కింద ఉండొచ్చో సగం తెలిసిపోతుంది. హైదరాబాద్ నార్సింగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న సోలార్ కప్పు ట్రాక్ మీద గంటసేపు ఏ బండైనా బాగానే ఉంటుంది. కానీ 200 కిలోమీటర్ల బ్రెవేకి (గడువులోపు పూర్తిచేయాల్సిన దూర ప్రయాణం) ఇచ్చే గడువు 13 గంటల 30 నిమిషాలు. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కడం అక్కడే మొదలవుతుంది. కొనాల్సింది ఆ చివరి గంటలకు పనికొచ్చే సైజు.

అయితే కొలతల మీద భక్తి కూడా మితిమీరకూడదు. 1969లో ఫ్రాన్స్‌లోని బ్లువా వెలోడ్రోమ్‌లో బెల్జియం ఛాంపియన్ ఎడ్డీ మెర్క్స్ పడిపోయాడు. అతని ముందు మోటారు బండి నడిపిన ఫెర్నాండ్ వాంబ్‌స్ట్ ప్రాణాలే పోయాయి. ఆ తర్వాత మెర్క్స్‌కు ఏ సీటూ కుదురుగా అనిపించలేదు. రేసు మధ్యలో కూడా సీటు ఎత్తు సర్దుకునేవాడు. అలా సర్దుకుంటూనే 1972లో మెక్సికో సిటీలో గంటలో 49.431 కిలోమీటర్ల రికార్డు నెలకొల్పాడు. శరీరం మారుతుంది. గాయమైతే మారుతుంది, వయసుతో మారుతుంది, పొట్ట తగ్గినా మారుతుంది. ఫ్రేము ఆ మార్పులకు అటూ ఇటూ చోటివ్వాలి. కొన్న రోజే స్పేసర్లన్నీ అయిపోయి, స్టెమ్ హద్దు తాకేసిందంటే ఇక మారడానికి చోటేదీ?

రెండు సైజుల మధ్య పడ్డవారికి అందరూ ఇచ్చే సలహా, "చిన్నదే తీసుకో, పెంచుకోవచ్చు" అని. ఇది సగం నిజమే. చిన్న ఫ్రేములో హ్యాండిల్ దూరాన్ని స్టెమ్‌తో పెంచొచ్చు, ఎత్తును పెంచడమే కష్టం. ఒళ్లు బాగా వంగేవారు, రేసులాడేవారు చిన్నది తీసుకోవచ్చు. మిగతావారు ఏ సైజులో తక్కువ స్పేసర్లతో, మామూలు స్టెమ్‌తో కుదురుతుందో అది తీసుకోవాలి. ఇప్పుడు తొక్కుతున్న బండి ఒంటికి నప్పితే, ఇరుసు నుంచి హ్యాండిల్‌కు ఎత్తూ దూరమూ దానిమీదే కొలుచుకుని ఆ కాగితం జేబులో పెట్టుకుని వెళ్లాలి. కొత్త బండి గురించి చార్టు కంటే అది ఎక్కువ చెబుతుంది.

ఇన్ని చూసుకున్నాక కూడా ఆఖరి పరీక్ష మిగిలే ఉంటుంది. మీ సైజు షాపులో ఉండదు. దాని పక్క సైజు ఉంటుంది, పైగా పదిహేను శాతం తగ్గింపుతో ఉంటుంది. "స్టెమ్ మార్చి ఇస్తాం సార్" అంటారు. ఆ తగ్గింపును ఒకసారి లెక్కేయండి. పొట్టి స్టెమ్‌కు కొంత, బ్రేకు గొట్టాలు విప్పి బిగించడానికి కొంత, మెడ నొప్పికి ఫిజియో దగ్గర కొంత, ఏడాది తిరక్కుండా సెకండ్ హ్యాండ్‌లో అమ్మేటప్పుడు మిగతాదంతా. సరైన సైజు తెప్పించడానికి రెండు నెలలు పడుతుందంటే ఆర్డర్ ఇచ్చి పాత సైకిలే తొక్కుతూ ఉండండి. ఆ రెండు నెలలకు పైసా ఖర్చు లేదు.