గుప్పెడు మేత

మిద్దె మీద చేపలూ కూరగాయలూ కలిపి పెంచుతున్నానని తెలిసినవాళ్లు ముందు మోటారు గురించి అడుగుతారు, తర్వాత ఖర్చు గురించి. మేత సంగతి అడిగేవాళ్లు తక్కువ. నాకు మాత్రం ఆక్వాపోనిక్స్ అంతా ఆ మేత డబ్బా దగ్గరే ఉంది. చేపల నీళ్లు పారే కంకరమడిలో పాలకూర ఎంత ఎదగాలన్నా, తొట్టిలో నీళ్లు ఎలా ఉండాలన్నా పొద్దున్నే వేసే ఆ గుప్పెడే తేలుస్తుంది.

మాది కొర్రమీను. తెలంగాణ రాష్ట్ర చేప అని కాదు, నీటి మీదికి వచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి. కరెంటు పోయి ఎయిరేటర్ ఆగినా కాసేపు ఓర్చుకుంటుంది. అయితే ఇది మాంసాహారి. పరిమాణంలో తేడా ఉంటే పెద్దవి చిన్నవాటిని మింగేస్తాయి, అందుకే పిల్లలను ఒకే సైజులో ఏరి వేసుకోవాలి. తొట్టి మీద వల తప్పనిసరి, ఎగిరి బయట పడతాయి.

దీని మేతలో మాంసకృత్తులు 40 శాతం దాకా ఉంటాయి. 50 గ్రాములు వేశామంటే మాంసకృత్తులు 20 గ్రాములు, అందులో నత్రజని మూడు గ్రాముల పైచిలుకు. చేప ఒంటికి పట్టేది అందులో కొంతే. మిగతాదాంట్లో ఎక్కువ భాగం మొప్పల గుండా అమ్మోనియాగా నీళ్లలోకి వచ్చేస్తుంది. కంకరకు పట్టిన బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తుంది. మొక్క తాగేది ఆ నైట్రేట్‌నే. వర్జిన్ ఐలాండ్స్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ రకోసీ ఏళ్ల తరబడి ఇదే పని మీద ఉండి, చదరపు మీటరు మడికి రోజుకు 60 నుంచి 100 గ్రాముల మేత అని లెక్క కట్టారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2014లో చిన్న యూనిట్ల కోసం వేసిన పుస్తకం ఆకుకూరలకు 40-50 గ్రాములు, కాయగూరలకు 50-80 గ్రాములు అంటుంది. రెండు చోట్లా మడికి కొలత చేపల సంఖ్య కాదు, మేత తూకం. ఈ విద్యలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే.

గుళికలు చల్లగానే ముందు ఒకటి రెండు నల్లటి తలలు పైకి తేలతాయి. టప్పుమని ఒక చప్పుడు, గుళిక మాయం. ఆ వెంటనే నీళ్లన్నీ కదులుతాయి. అయిదు నిమిషాల్లో తినగలిగినంతే వేస్తాను, మిగిలింది చిన్న వలతో తీసేస్తాను. తలలు పైకి రాని రోజు మేత డబ్బా మూసి టెస్ట్ కిట్ తీయాలి. గాజు గొట్టంలో కాస్త నీళ్లు పోసి చుక్కలు వేస్తే రంగు పసుపుగానే ఉండాలి. ఆకుపచ్చకు తిరిగిందంటే అమ్మోనియా ఉన్నట్టే, ఆ పూట మేత బంద్. కొత్త తొట్టిలో బ్యాక్టీరియా నిలదొక్కుకునే నాలుగు నుంచి ఆరు వారాలు ఈ రంగే మనకు క్యాలెండర్.

మన బోరు నీళ్లతో ఇంకో చిక్కుంది. చాలాచోట్ల కఠినత్వం ఎక్కువ, పీహెచ్ ఎనిమిది దగ్గర తచ్చాడుతుంది. పీహెచ్ ఏడు నుంచి ఎనిమిదికి ఎక్కితే అమ్మోనియాలో చేపకు విషమయ్యే భాగం దాదాపు పది రెట్లవుతుంది. అంటే అదే గుప్పెడు మేత ఒక ఇంట్లో ఎరువు, పక్కింట్లో ప్రమాదం. అదే పీహెచ్ దగ్గర ఇనుము కూడా మొక్కకు అందదు. టమాటా లేత ఆకులు పసుపు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే ఇనుము చాలలేదని అర్థం. ఎంత మేత వేసినా ఆ లోటు తీరదు, మొక్క తీసుకోగల రూపంలో ఉండే ఇనుము (చీలేటెడ్ ఐరన్) విడిగా కలపాల్సిందే. పొటాషియం సంగతీ అంతే.

ఎండాకాలం చెయ్యి ఇంకా బిగించాలి. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు తొమ్మిది మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టుకోగలిగితే, 30 డిగ్రీల నీళ్లు పట్టుకునేది ఏడున్నరే. గాలి పీల్చే కొర్రమీను తట్టుకున్నా బ్యాక్టీరియాకు ఆ ప్రాణవాయువు కావాలి. మే నెలలో తెల్లవారుజామునే, మామూలులో సగం వేస్తాను.

ఒక్క మాట దగ్గర మాత్రం నేను రాజీపడలేను. బయటి నుంచి ఏమీ అక్కర్లేని తోట అని దీన్ని గొప్పగా చెబుతుంటారు. ఆ గుళికల్లో సముద్రం నుంచి పట్టి పొడి చేసిన చేపలుంటాయి, ఎక్కడో పండిన సోయా ఉంటుంది. నా మిద్దె మీద పచ్చదనానికి వాటి రుణం ఉంది. గుళికల బదులు అజొల్లా అనే నీటి మొక్క పెంచుకోమంటారు గానీ, మాంసం తినే కొర్రమీనుకు అది సరిపడదు. వంటింటి చెత్తలో బ్లాక్ సోల్జర్ ఫ్లై (బీఎస్ఎఫ్) అనే ఈగ లార్వాను పెంచుకోవడం నయమనిపించి, ఎండబెట్టి మేతలో కలుపుతున్నాను. ఎంతవరకు కలపొచ్చో ఇంకా తూచి చూస్తున్నాను. కొర్రమీనులు మాత్రం గుళికలను వదిలేసి వాటినే ముందు అందుకుంటున్నాయి.