కూచిపూడి పాఠాల డిజిటల్ పరిష్కరణ: సంకేతదోషం – పాఠభేదం

కీలకపదాలు: భామాకలాపం, పాఠ పరిష్కరణ, యూనికోడ్, గిట్, అరసున్న, పాఠభేదం.

1. ఉపోద్ఘాతం:

సిద్ధేంద్రయోగి కృతిగా ప్రసిద్ధమైన భామాకలాపానికి ఒకే స్థిరపాఠం లేదు. కూచిపూడి కుటుంబాల రాతప్రతులు, గురుముఖంగా నిలిచిన దరువులు, అచ్చుప్రతులు, ప్రదర్శనలు అన్నీ దానికి ఆధారాలే. ఇటువంటి కృతిని కంప్యూటరులోకి ఎక్కించినప్పుడు ఏ మార్పు కళాకారుడిది, ఏ మార్పు యంత్రానిది అన్న ప్రశ్న తప్పదు. అక్షరసంకేతాల దోషాలను సవరించడం సాంకేతిక నిపుణుల పని అన్న అభిప్రాయం ఉంది. నిజానికి అది పాఠ పరిష్కరణలో తొలిమెట్టు.

2. దోషస్వరూపం:

మార్పుల చరిత్రను భద్రపరిచే సాఫ్ట్‌వేర్లలో 2005లో వచ్చిన గిట్ ప్రసిద్ధమైనది. అందులో 'కూచిపూడి' అన్న పేరుతో ఫైలు చేర్చితే, సహజ అమరికలో ఆ పేరు 340, 260, 225 అంటూ మొదలయ్యే 24 సంఖ్యల వరుసగా కనిపిస్తుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికి మూడు బైట్లు కావడమే ఇందుకు కారణం. ఇది ప్రదర్శనదోషం మాత్రమే. అమరిక మార్చితే పేరు తిరిగి కనిపిస్తుంది. 2018లో 'జ్ఞా'తో కూడిన ఒక సంకేతవరుస ఐఫోన్లలోని యాప్‌లను స్తంభింపజేసింది. అక్కడా దోషం చదివే యంత్రానిదే. సవరించవలసింది యంత్రాన్ని, పాఠాన్ని కాదు.

దిగుమతిదోషం ఇంతకన్నా తీవ్రమైనది. యూనికోడ్‌కు మారకముందు వాడిన డీటీపీ ఫాంట్లలో తలకట్టు, గుడి, ఒత్తు వంటి ముక్కలు రోమన్ అక్షరాల స్థానాల్లో ఉండేవి. గిట్ ఆ ఫైలును ఉన్నదున్నట్లు దాచుతుంది; అది ఏ ఫాంటుకు చెందినదో చెప్పదు. ఫాంటు తెలిస్తే పాఠాన్ని తిరిగి పొందవచ్చు. మార్పిడిలో గుర్తుపట్టని అక్షరం స్థానంలో ప్రశ్నార్థకం చేరితే మాత్రం మూలాక్షరం శాశ్వతంగా పోతుంది.

3. కనిపించని నష్టం:

ప్రశ్నార్థకం కనీసం కంటికి కనబడుతుంది. అర్థవంతమైన తప్పు కనబడదు. మార్పిడి పట్టికలో అరసున్న లేకపోతే 'ఏఁడు' (సంవత్సరం) 'ఏడు' (సంఖ్య) అవుతుంది. బండి ఱ లేకపోతే 'అఱుగు' (జీర్ణమగు) 'అరుగు' (వెళ్లు) అవుతుంది. రెండూ తెలుగు మాటలే కనుక ఏ తనిఖీకీ చిక్కవు. యూనికోడ్ తొలి కూర్పులోనే, 1991లో, తెలుగు ఉన్నా, దంత్య ౘ, ౙలు 2008లో గాని చేరలేదు. అంతకుముందరి యూనికోడ్ పాఠంలో అవి లేకపోవడాన్ని కవి లేదా లేఖకుని అభిమతంగా భావించడం పొరపాటు.

ఇందుకు విరుద్ధమైన స్థితీ ఉంది. ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ, ఎత్వం కింద ఐత్వపు గుర్తు చేర్చి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే. బైట్లను పోల్చే గిట్‌కు అవి వేరు. పంక్తి మొత్తం మారినట్లు చూపుతుంది. అంటే ఒకచోట నిజమైన భేదం మరుగుపడుతుంది, మరొకచోట లేని భేదం పుడుతుంది.

4. పరిష్కర్త బాధ్యత:

19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ పండితుల సహాయంతో పలు ప్రతులను సేకరించి, పోల్చి, పాఠాలను పరిష్కరింపజేశారు. ఆ క్రమశిక్షణ డిజిటల్ ప్రతికీ వర్తిస్తుంది. మొదట పాత ఫాంటు ఫైలును మార్పు లేకుండా, ఫాంటు పేరుతో సహా భద్రపరచాలి. యూనికోడ్ మార్పిడి రెండవ మెట్టు. ఐత్వం వంటి సంకేతాల ఏకరూపత మూడవది. పరిష్కర్త చేసే సవరణలు చివర, ఒక్కొక్కటిగా, కారణంతో నమోదు కావాలి. ఈ నాలుగూ ఒకే మార్పుగా కలిసిపోతే, తరువాతి పరిశోధకునికి యంత్రదోషమేదో, పరిష్కర్త ఊహ ఏదో తేల్చే ఆధారం మిగలదు.

ఇక్కడ సాధనపు పరిమితినీ గుర్తించాలి. గిట్‌లో వేరుపడిన శాఖలు చివరకు విలీనం కావడం సాధారణ పద్ధతి. కూచిపూడి పాఠాలకు అది ఆదర్శం కాదు. ఒక కుటుంబం పాడే దరువులోని మాట మరొక కుటుంబపు మాటకు అపపాఠం కానక్కరలేదు. ఆ శాఖలను విలీనం చేయక పక్కపక్కనే నిలపడం ఉచితం.

5. ముగింపు:

భామాకలాపంలో సత్యభామ లేఖ మాధవి చేతుల మీదుగా కృష్ణుని చేరుతుంది. లేఖలోని మాటను మాధవి మార్చితే ఆ కలాపమే మారిపోతుంది. డిజిటల్ పాఠానికి యంత్రం అటువంటి దూతిక. దూతిక పొరపాటును దిద్దడం అవసరం. ఆ పేరుతో సత్యభామ మాటను దిద్దకుండా ఉండడం అంతకన్నా అవసరం.